చనిపోతున్న మనిషికి కాలమ్ లేదట!

“ఏ కేటగిరీ అమ్మా?” అని అడిగాడు కంప్యూటరు ముందు కూచున్న అబ్బాయి.

“క్యాన్సర్ బాబూ. ఆఖరి దశ అని డాక్టర్లు రాసిచ్చారు” అన్నాను.

“పక్షవాతం కాదు కదా? యాక్సిడెంటు కూడా కాదా?”

“కాదు. క్యాన్సర్. మంచం మీదనుంచి లేవలేదు.”

అతను తెర మీద పైకీ కిందకీ చూశాడు. పాపం, రెండు మూడుసార్లు చూశాడు. “క్యాన్సర్‌కి కాలమ్ లేదు మేడమ్. వికలాంగుల కింద పెట్టుకోవచ్చు. కానీ సదరం సర్టిఫికెట్ కావాలి. మనిషిని క్యాంపుకి తీసుకురావాలి” అన్నాడు.

ఆ అబ్బాయిది తప్పనను. లేని కాలమ్‌ని అతను ఎక్కడినుంచి తెస్తాడు? ఆ కాలమ్ లేకుండా జాబితా తయారుచేసిన వాళ్ళతోనే నా తగువు. ఇన్నేళ్ళూ ఆ ఖాళీని గమనించకుండా తిరిగిన నాలాంటి కార్యకర్తలతో కూడా.

నేను తీసుకెళ్ళిన కాగితాలు మా అప్పవి. మా నర్సీపట్నం వైపు అక్కని అప్ప అంటాం. ఆమెకి యాభై రెండేళ్ళు. నాట్లకీ కలుపులకీ పోయేది, ఎండాకాలం జీడితోటల్లో పిక్కలు ఏరేది. రొమ్ములో గడ్డ కనిపించి కూడా రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు దాచావని అడిగితే, “సెప్తే పని మానీమంటారు గదే” అంది. చెప్పే నాటికి జబ్బు ముదిరిపోయింది. ఆపరేషను, కీమోలు ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే జరిగాయి. ఆ మేలు నేను కాదనను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న ఆ పథకమే లేకపోతే మా వాళ్ళు ఉన్న అరెకరం కూడా అమ్ముకునేవాళ్ళు.

2024 ఆగస్టు 20న విశాఖలో ఒక ఆస్పత్రి వాళ్ళు, “ఇక చెయ్యడానికి ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొండి” అన్నారు. డిసెంబరు 17న అప్ప పోయింది. మధ్యలో 119 రోజులు. నేను రాస్తున్నది ఆ 119 రోజుల గురించి. ఎందుకంటే ఆ రోజుల్లో మా అప్ప ప్రభుత్వం దృష్టిలో ఎక్కడా లేదు. ఆస్పత్రి లెక్కలో లేదు, పింఛను లెక్కలో లేదు, వికలాంగుల లెక్కలో లేదు. ఇంకా చనిపోలేదు కాబట్టి మృతుల లెక్కలోనూ లేదు.

చెయ్యడానికి ఏమీ లేదా?

ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో! గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం, ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట. చింతపల్లి, కొయ్యూరు కొండల మీదనుంచి దిగివచ్చే ఆదివాసీలకైతే ఆ మాట కూడా అర్థమయ్యే భాషలో చెప్పరు.

నయం చెయ్యడానికి ఏమీ లేకపోవచ్చు. కానీ నొప్పి తగ్గించవచ్చు. పుండు శుభ్రం చెయ్యవచ్చు. ఊపిరాడనప్పుడు ఎలా కూచోబెట్టాలో నేర్పవచ్చు. మనిషి మనసులో ఏముందో అడిగి వినవచ్చు. వీటన్నిటినీ కలిపి ఉపశమన వైద్యం అంటున్నారు. అలాంటి వాళ్ళకోసం ప్రత్యేకంగా నడిపే చోటుని హాస్పిస్ అంటారు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ దీనికి దారి చూపింది. ఆవిడ నర్సుగా పనిచేసి, తర్వాత డాక్టరు చదివిన మనిషి. మన దేశంలో మొదటి హాస్పిస్, శాంతి ఆవేదన సదన్, 1986లో ముంబైలో వచ్చింది. కోళికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన పని కేరళలో ఊరూరికీ పాకింది. అక్కడ అది పెద్ద భవనాలతో కాకుండా ఇంటికి వెళ్ళే నర్సులతో, ఇరుగుపొరుగు కార్యకర్తలతో నడిచింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. పొరుగున తెలంగాణలో చేవెళ్ళలో మొదలైన పని జిల్లా ఆస్పత్రులకి చేరింది. అక్కడ ‘ఆలన’ పేరుతో బండ్లు రోగుల ఇళ్ళకి వెళ్తున్నాయి.

మా అప్పకి ఏం జరిగిందో చెబుతాను. ఆమె రొమ్ము మీద పుండు పడింది. దానినుంచి వాసన. మొదట చుట్టాలు రావడం మానేశారు, తర్వాత ఇరుగమ్మలు మానేశారు. అప్పే తలుపు మూసెయ్యమనేది. ఏడు వారాలు ఆ గది తలుపు మూసే ఉంది. రిటైరైన ఒక నర్సమ్మ దైవికంగా కలిసి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టమని చెప్పింది. అవి విరేచనాలకి వాడే మామూలు మాత్రలు, ఏ మందుల షాపులోనైనా చవగ్గా దొరుకుతాయి. నాలుగైదు రోజుల్లో వాసన తగ్గింది. అప్ప తలుపు తెరవమంది. పక్కింటి పిల్లలు మళ్ళీ గడప దాకా వచ్చారు.

ఆ నాలుగు రూపాయల మందు సంగతి ఏడు వారాలపాటు మాకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పే మనిషిని ఇంటికి పంపే ఏర్పాటే లేదు. ఇదీ ‘ఏమీ లేదు’ అనే మాటకి అర్థం!

జాబితా ఎవరు రాశారు?

ఇప్పుడు ఆ కాలమ్‌ల సంగతి చూద్దాం. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పింఛన్లు ఇలా ఉన్నాయి. వృద్ధులకీ వితంతువులకీ నెలకి 4,000 రూపాయలు. వికలాంగులకి 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్ళకి, ప్రమాదాల్లో అలా అయిన వాళ్ళకి 15,000. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి జరిగిన వాళ్ళకి, ముదిరిన బోదకాలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా రోగులకి 10,000.

ఈ పింఛన్లు దేశంలో చాలా రాష్ట్రాల కంటే నయం. వీటిలో ఒక్క రూపాయి తగ్గించమని నేను అడగడం లేదు. కానీ ఈ జాబితాని మా అప్ప కళ్ళతో ఒక్కసారి చదవండి.

ఆమెకి అరవై నిండలేదు, వృద్ధురాలు కాదు. మొగుడు బతికే ఉన్నాడు, వితంతువు కాదు. కాళ్ళూ చేతులూ ఉన్నాయి, వికలాంగురాలు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో క్యాన్సర్ లేదు. మంచం మీదనుంచి లేవలేదు, కానీ పక్షవాతం వల్ల కాదు కాబట్టి ఆ కాలమ్‌లోకి రాదు. ఎందువల్ల లేవలేకపోతోందో సర్కారుకి కావాలి. లేవలేకపోతోందన్న సంగతి మాత్రం అక్కర్లేదు!

సంఘటిత రంగంలో ఈఎస్ఐ ఉన్న కార్మికులకి క్యాన్సర్ లాంటి జబ్బు వస్తే, నిబంధనల ప్రకారం రెండేళ్ళ దాకా జీతంలో 80 శాతం ఇచ్చే ఏర్పాటు ఉంది. అంటే జబ్బు పడ్డ కార్మికులకి తిండి గడవాలన్న సంగతి ఈ దేశానికి తెలియక కాదు. పొలంలో నాటు వేసే మనిషిని కార్మికురాలిగా లెక్కవెయ్యకపోవడమే ఇక్కడి కిటుకు.

కూలిపనులు చేసుకునే వాళ్ళకోసం 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని ఒకటి తెచ్చారు. ఆపరేషను తర్వాత డాక్టరు విశ్రాంతి చెప్పినన్ని రోజులు రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000కి మించకుండా. మంచి ఆలోచనే. కానీ దాని వెనకున్న లెక్క చూడండి. అది కోలుకుని మళ్ళీ పనిలోకి వచ్చే మనిషికోసం. ఇక పనిలోకి రాని మనిషి ఏ లెక్కలోకీ రాదు.

ఇంకో విచిత్రం చెప్పనా? పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ మధ్య చనిపోతే 20,000 రూపాయలు ఇచ్చే జాతీయ కుటుంబ సహాయ పథకం కేంద్రానికి ఉంది. దాని మార్గదర్శకాల్లో ఇంటిపని చేసే గృహిణిని కూడా సంపాదించే మనిషిగానే పరిగణించాలని రాశారు. చదివినప్పుడు నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆడదాని చాకిరీకి విలువ ఉందని మన ప్రభుత్వం ఒప్పుకుంది, ఆమె చచ్చిపోయాక! చచ్చిపోతున్నప్పుడు మాత్రం ఒప్పుకోదు.

ఈ జాబితా మారనిదేమీ కాదు. ఉద్దానం కిడ్నీ రోగుల గోడు ఏళ్ళ తరబడి వినిపించాకే డయాలసిస్ పింఛను వచ్చింది, 2019లో అది 10,000 అయింది. మన ఏజెన్సీ పిల్లల్ని పీల్చేసే సికిల్ సెల్ జబ్బు 2020 జనవరిలో పింఛను జాబితాలోకి ఎక్కింది. అడిగిన వాళ్ళు ఉన్నారు కాబట్టి ఎక్కింది. చనిపోతున్న వాళ్ళు సంఘం పెట్టుకోలేరు, ధర్నాకి రాలేరు, వచ్చే ఎన్నికల్లో ఓటు వెయ్యరు. వాళ్ళని చూసుకునే ఆడవాళ్ళు ఇంట్లోంచి కదల్లేరు. అందుకే ఆ కాలమ్ ఖాళీగా మిగిలింది.

ఈ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

ప్రభుత్వం పెట్టని ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి కదా. మా ఇంట్లో అది అప్ప కూతురు పెట్టింది. ఆ పిల్ల అచ్యుతాపురం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కేది. నెలకి పదకొండు వేలు ఇంటికి తెచ్చేది. అమ్మని ఇంటికి తెచ్చిన పదో రోజుకి పని మానేసింది. అమ్మకి మందులు ఈఎస్ఐ మీద వస్తాయేమో గానీ, అమ్మని చూసుకోవడానికి ఆ పిల్లకి జీతంతో సెలవు ఇచ్చే నిబంధన ఏదీ లేదు. నాలుగు నెలలకి నలభై నాలుగు వేలు అక్కడే పోయింది. పైన డైపర్లు, దూది, గాజుగుడ్డ, ఆటో, గ్లూకోజు. అప్ప పోయాక మళ్ళీ వెళ్తే ఆ పనిలో వేరే పిల్ల ఉంది.

మా బావ చెడ్డవాడు కాదు. అరుగు మీద కూచుని ఏడ్చేవాడు. కానీ పుండు కడగడం, గుడ్డలు మార్చడం, రాత్రి రెండింటికి లేచి పక్కకి తిప్పడం తన పని అని ఒక్కనాడూ అనుకోలేదు. ఎవరూ అతన్ని అనుకోమని అడగలేదు కూడా. అదే బావ మంచాన పడి ఉంటే? అప్ప చేసేది. అప్ప మంచాన పడితే కూతురు చేసింది. కూతురు లేకపోతే కోడలు చేసేది. మగవాడు ఏ వరసలోనూ రాడు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వమే 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణలో రోజుకి సుమారు 140 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. మగవాళ్ళలో ఆ పని చేసేది 21.4 శాతమే, అదీ 74 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ రోగుల్నీ అందర్నీ కలిపిన లెక్క ఇది. ఒక చనిపోతున్న మనిషి ఉన్న ఇంట్లో నిమిషాల లెక్క ఉండదు. ఇరవై నాలుగు గంటలూ అదే పని.

‘మన కుటుంబ వ్యవస్థ గొప్పది, ఈ హాస్పిస్‌లూ అవీ తెల్లవాళ్ళకి’ అని ఉపన్యాసాలు చెప్పే పెద్దమనుషుల్ని నేనొకటి అడుగుతాను. కుటుంబం అంటే ఎవరండీ? ఏ ఇంట్లో మీరు రాత్రి లేచి మలం గుడ్డ మార్చారు? కుటుంబ వ్యవస్థ పేరుతో ప్రభుత్వం ఆదా చేసుకుంటున్నది మా కూతుళ్ళ జీతాలు. దాన్ని సంప్రదాయం అని పొగిడితే మాకు కడుపు నిండదు.

గంజాయికి చెక్‌పోస్టు, నొప్పికి మందు లేదు

నర్సీపట్నంలో ఎన్‌డీపీఎస్ చట్టం తెలియని వాళ్ళు ఉండరు. 1985లో వచ్చిన ఆ చట్టం ఇక్కడ గంజాయి కేసుగానే తెలుసు. కొండల మీదనుంచి వచ్చే బస్సుల్లో సంచులు తడుముతారు. ఆదివాసీ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉంటారు.

అదే చట్టం కింద ఇంకో సంగతి ఉంది. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వాడవలసిన మందు మార్ఫిన్. నోటితో మింగే మార్ఫిన్‌తో చాలామందికి నొప్పి అదుపులోకి వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. అది ఖరీదైన మందు కూడా కాదు. దానికి కావలసిన నల్లమందుని మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సులిచ్చి మన ప్రభుత్వమే పండిస్తోంది, ఎగుమతి కూడా చేస్తోంది. మన పొలాల్లో పండింది మన రోగికి అందకుండా చేసింది ఈ చట్టం తెచ్చిన లైసెన్సుల గొడవే. డాక్టర్లూ రోగుల తరఫువాళ్ళూ ఏళ్ళ తరబడి పోరాడగా 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్ సహా ఆరు మందుల్ని అత్యవసర మందులుగా గుర్తించారు. ఒక్క అనుమతి తీసుకుంటే ఆస్పత్రి వాటిని నిలవ ఉంచుకుని ఇవ్వవచ్చు.

చట్టం మారి పన్నెండేళ్ళు కావస్తోంది. మా అప్పకి పారాసెటమాల్ మాత్రలతో రోజులు గడిచాయి. రాత్రిళ్ళు గుడ్డ నోట్లో కుక్కుకునేది, అరిస్తే పక్కింటి వాళ్ళు లేస్తారని. “ఒలే, దీనికి మందే నేదేటే?” అని నన్ను అడిగింది. ఉందని నాకు తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి 2014 నుంచీ ఉంది. కానీ కూచోలేని మనిషిని అనకాపల్లి దాటించి అంత దూరం తీసుకెళ్ళి, వారం పది రోజులకోసారి మళ్ళీ తీసుకెళ్ళి, ఆ బండి కిరాయి ఎవరివ్వాలి? రెండుసార్లు తీసుకెళ్ళాం. ఆ మందు ఉన్న రోజుల్లో అప్ప పడుకుంది, నవ్వింది కూడా. మూడోసారికి చేతిలో డబ్బు లేదు.

అందుకే చెబుతున్నాను. పింఛను వేరు, వైద్యం వేరు కాదు. మందు ఉన్నా దాని దగ్గరికి వెళ్ళే బండి కిరాయి లేకపోతే ఆ మందు లేనట్టే.

వాళ్ళు చెప్పే సాకులు

మొదటి సాకు, ‘డబ్బెక్కడిది?’ రాష్ట్రంలో సుమారు 63 లక్షల పింఛన్లకి నెలకి 2,700 కోట్ల రూపాయల దాకా ఇస్తున్నారు. ఆఖరి దశలో ఉన్న మనిషి పింఛను తీసుకునేది ఎన్ని నెలలు? మూడు, ఆరు, మహా అయితే ఏడాది. జీవితాంతం ఇచ్చే పింఛను కూడా కాదు ఇది. దీనికి ఖజానా ఖాళీ అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండో సాకు, ‘దొంగ సర్టిఫికెట్లు వస్తాయి’. ఆఖరి దశ క్యాన్సర్‌కి ఆస్పత్రి కాగితాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ప్రభుత్వమే డబ్బు కట్టిన చికిత్స కాబట్టి ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. ఇంగ్లండులో నయం కాని దశలో ఉన్నవాళ్ళకి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. డాక్టరో నర్సో ఒక ఫారం నింపి ఇస్తే, మామూలు పరీక్షలేవీ లేకుండా త్వరగా భృతి మంజూరు చేస్తారు. ఒకప్పుడు ఆరు నెలల్లో చనిపోవచ్చనుకున్న వాళ్ళకే ఇచ్చేవాళ్ళు. విమర్శలు వచ్చాక 2022, 2023లలో దాన్ని ఏడాదికి పెంచారు. అక్కడంతా సవ్యంగా ఉందని నేననడం లేదు. చనిపోతున్న మనిషిని క్యూలో నిలబెట్టకూడదన్న ఇంగితం మాత్రం చట్టంలోకి ఎక్కింది. హర్యానాలో మూడు, నాలుగు దశల క్యాన్సర్ రోగులకి పింఛను పెట్టారు. కేరళలో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే మనిషికి ఆశ్వాసకిరణం పేరుతో నెలకి 600 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. 600 చాలదు, అదీ సమయానికి రావడం లేదని అక్కడివాళ్ళే గొడవ చేస్తున్నారు. కానీ ‘చూసుకోవడం కూడా పనే’ అని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసింది.

మూడో సాకు, ‘ఇంటింటికీ డాక్టర్లని ఎలా పంపుతాం?’ దీనికి జవాబు మా వీధిలోనే దొరికింది. అప్ప పోయిన నెలకి, 2025 జనవరిలో, 15,000 పింఛను తీసుకుంటున్న మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకి రాష్ట్రమంతటా డాక్టర్ల బృందాలని పంపడం మొదలుపెట్టారు. తర్వాత మా వీధికీ వచ్చారు. పక్షవాతంతో ఉన్న ఒక పెద్దాయనని చూసి, కాళ్ళు ఎత్తించి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. అర్హుడా కాదా అని తేల్చడానికి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అనర్హుల్ని ఏరడానికి డాక్టరు ఇంటికి రాగలిగినప్పుడు, నొప్పి తగ్గించడానికి ఎందుకు రాలేడు?

నాలుగో సాకు ఎవరూ పైకి అనరు, చదువుకున్న ఒకాయన మాత్రం నాతో అన్నాడు. ‘రేపో మాపో పోయే మనిషికి పింఛనెందుకమ్మా?’ రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు కల్పించడానికి రాజ్యం పూనుకోవాలని చెప్పింది. ‘ఎక్కువ రోజులు బతికేవాళ్ళకి మాత్రమే’ అని అందులో లేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలో భాగమే అంది. ఆ తీర్పుని యంత్రాలు తీసెయ్యడం గురించే చర్చించారు. మా అప్పకి ఏ యంత్రమూ పెట్టలేదు. పెట్టనిదాన్ని తీసెయ్యడానికి ఆమెకి హక్కు వచ్చింది. కట్టు గుడ్డకీ, నొప్పి మాత్రకీ, రాత్రి ఆమె పక్కన కూచున్న కూతురి కూలికీ మాత్రం హక్కు రాలేదు.

ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది కదా అంటారు. అది ఆస్పత్రి బిల్లులకి. పైగా దానికి నాయకుడి ఉత్తరం కావాలి, తర్వాత చెక్కు పట్టుకుని ఫొటో దిగాలి. అది దయ. మనం అడిగేది హక్కు.

మనం కూడా ఆలోచించాలి

మహిళా ఉద్యమం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. వరకట్న చావు జరిగితే మనం పరుగెత్తాం. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమంలో ఊరూరా నిలబడ్డాం. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాం. కానీ ఆ చాకిరీలో అన్నిటికన్నా బరువైనది, చనిపోతున్న మనిషిని చూసుకునే పని, మన డిమాండ్ల పత్రాల్లో ఎక్కడుంది? నేను ఎన్నో వినతిపత్రాలు రాశాను. ఒక్కదానిలోనూ ఈ మాట రాయలేదు. చావు అంటే మనకీ భయమే, అందుకే పక్కకి చూశాం. మా అప్ప చూపు తిప్పుకోనివ్వలేదు.

నేను మన సంఘాల ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి.

ఒకటి, ఆరోగ్య పింఛన్ల జాబితాలో ‘నయం కాని ఆఖరి దశ’ అనే కాలమ్ చేర్చాలి. రోగం పేరుతో పని లేకుండా క్యాన్సరైనా, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం జబ్బులైనా వర్తించాలి. మంచాన పడ్డవాళ్ళకి ఇప్పుడిస్తున్న 15,000కి తగ్గకూడదు. ఇంట్లో ఇంకొకరికి పింఛను ఉందని దీన్ని ఆపకూడదు.

రెండు, ప్రభుత్వ డాక్టరు ఒక్క పేజీ రాసిస్తే చాలు. వారం రోజుల్లో డబ్బు చేతికి రావాలి. సదరం క్యాంపులకి మోసుకురమ్మనకూడదు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తామన్న వెసులుబాటు 2024 చివర్లో ఇచ్చారు. మంచిదే. కానీ మూడో నెల దాకా ఉండే మనుషులు కాదు వీళ్ళు. ఇంట్లో ఉన్నా ఆస్పత్రిలో ఉన్నా వేరే ఊళ్ళో హాస్పిస్‌లో ఉన్నా పింఛను మనిషి ఉన్నచోటికే రావాలి. మంజూరై చేతికి రాకముందే మనిషి పోతే ఆ డబ్బు చూసుకున్న మనిషికి ఇవ్వాలి.

మూడు, చూసుకునే మనిషికి విడిగా భృతి ఉండాలి. అది ఆమె పేరునే, ఆమె ఖాతాలోనే పడాలి. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలకీ మగపిల్లలకీ తల్లిదండ్రుల ఆఖరి రోజుల్లో జీతంతో సెలవు, తిరిగి వస్తే అదే పని దక్కేలా హామీ ఉండాలి. మగపిల్లలకీ అని కావాలనే రాశాను.

నాలుగు, ప్రతి ఏరియా ఆస్పత్రిలో మార్ఫిన్ నిలవ ఉండాలి. దాన్ని రాయడానికి శిక్షణ పొందిన డాక్టరు, వారానికోసారి ఇంటికి వెళ్ళే నర్సు ఉండాలి. ఆ పనిని ఆశా కార్యకర్తల నెత్తిన ఉచితంగా రుద్దకూడదు. వాళ్ళూ ఆడవాళ్ళే.

వీటికోసం అసెంబ్లీ దాకా వెళ్ళాల్సిందే. అంతకుముందే ఈ నెలలోనే మనం చెయ్యగలిగిన పనులు రెండున్నాయి. సమాచార హక్కు చట్టం కింద మన ఏరియా ఆస్పత్రుల్ని ఒక్కటే అడుగుదాం, గత ఏడాది మీ దగ్గర ఎన్ని మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, ఎంతమందికి ఇచ్చారు అని. రెండోది, మన మండలాల్లో ఆఖరి దశలో ఉన్న ప్రతి మనిషి తరఫునా, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పింఛనుకి దరఖాస్తు పెడదాం. కాలమ్ లేదంటారు. లేదని కాగితం మీద రాసివ్వమందాం. తేదీ వేసి సంతకం పెట్టమందాం. ఆ కాగితాలన్నీ పోగుచేసి విజయవాడ పట్టుకెళదాం.

ఆ రోజు నేను ఆ పని చెయ్యలేదు. కాలమ్ లేదనగానే కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. “ఏటన్నారే?” అని అడిగింది అప్ప. “మళ్ళీ రమ్మన్నారు” అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఇంకో చెల్లెలు ఇంకో అప్పకి చెప్పే అవసరం రాకూడదు.